చూసేదానికి నీళ్ళు

ఇంకా రంగు దిగలేదు. దిగుతుంది, దిగకేం చేస్తుంది, ఎండిన సముద్రపు ఎర్రనాచును కల్వంలో వేసి పండమేరు వంక ఇసుక కలిపి అంతలా నూరాక తనలోది తనలో ఎంతసేపు దాచుకుంటుంది, గంట చాలు, గంటలో నీళ్ళు గులాబీ రంగుకు తిరుగుతాయి, ఆ తరవాత పలుచటి గుడ్డలో వడగట్టి, సీసాలో పోసి, తడిబట్ట చుట్టి, సాయంకాలం బండికి దిగే మద్రాసు ప్రొఫెసరుగారి ముందు పెడితే నా బతుకు ఒక దారిన పడుతుంది. అంతవరకు ఈ సామాన్ల కొట్టులో తలుపు మూసుకుని, కిటికీకి గోనెపట్టా కట్టుకుని, విత్తనాలకని దాచిన వేరుశనగ మూటల మధ్య చెమటలు కక్కుతూ కూర్చోవాలి. వెలుతురు తగిలితే రంగు చెడుతుందని చెప్పి కూర్చున్నాను. అది నిజమే. తలుపు మూసుకోవడానికి అదొక్కటే కారణం కాదని నాకు తెలుసు, తలుపవతల చంటిబిడ్డను ఒళ్ళో వేసుకుని కూర్చున్న రామలక్ష్మమ్మకూ తెలుసు. ఆమె నా భార్య. కాన్పుకు పుట్టింటికి పోయి, బిడ్డనెత్తుకుని ఈ పొద్దే గుమ్మఘట్ట నుంచి వచ్చింది. వచ్చి ఇంకా కాళ్ళు కడుక్కోలేదు. ఇంట్లో మిగిలిన కాసిని తియ్యనీళ్ళు, బిడ్డకు పోయడానికని పొయ్యి పక్కన పెట్టుకున్నవి, నేను అడిగితే తెచ్చి నా ముందు దించి పోయింది. ఆ నీళ్ళలోనే ఇప్పుడు నాచు నానుతోంది.

మా మేనత్త కదిరమ్మ ఇంట్లో లేదు. కడవ చంకన పెట్టుకుని పండమేరుకు పోయింది. ఈ ఎండలో ఎవరూ పోరు. వంకలో నీళ్ళ మొహం చూసి రెండేళ్ళయింది, ఇసుకలో మోకాటి లోతున గుంత తవ్వి, అడుగున ఊరే చెలమ నీళ్ళను ముంతతో తోడుకోవాలి, తెల్లారుజామున పోతే ఆడవాళ్ళు జుట్లు పట్టుకునేదాకా వస్తుంది, అందుకని నడినెత్తిన పొద్దున్నప్పుడు పోతే ఎవరూ ఉండరని ఆమె అంటూ ఉంటుంది, అంటూ ఉంటుంది గాని ఈ పొద్దు పోయింది అందుక్కాదు. ఈ పొద్దు నేనొక మాటన్నాను. అన్నాక ఆమె చేతిలోని పళ్ళెం గడప పక్కన గోడకు ఆనించి పెట్టి, కొంగు నెత్తికి చుట్టుకుని, కడవ తీసుకుని మెట్లు దిగింది. కోపంగా పోలేదు. కోపంగా పోయినా బాగుండేది, కోపమైతే ఇంటికి తిరిగొచ్చే దారి ఉంటుంది. లేచి నేను కూడా పోవచ్చు, అంత దూరమేమీ కాదు, తుమ్మచెట్ల అవతల వంక, గొడుగు తీసుకుని పోయి కడవ నేను ఎత్తుకుని రావచ్చు. పోతే ఈ రంగును చూసేవాళ్ళెవరు, ఎక్కువసేపు నానితే జిగురు దిగి నీళ్ళు మసకబారతాయి, పైగా కాలేజీలో బాటనీ డిమాన్‌స్ట్రేటరు కడవ నెత్తిన పెట్టుకుని వీధిలో వస్తే పిల్లకాయలు ఏమనుకుంటారు. ఇట్లాంటివి వరసగా పుట్టుకొస్తున్నాయి నాకు. ఎప్పుడూ ఇంతే, చెయ్యని పనికి కారణాలు చెప్పడంలో నేను ఘనుణ్ణి.

ఆమె మా నాయనకు అక్క. నేను పాలు మరవకముందే మా అమ్మ పోతే, అప్పటికే మొగుణ్ణి పోగొట్టుకుని పుట్టింట్లో ఒక మూల పడి ఉన్న కదిరమ్మ చేతిలో నన్ను పెట్టారట. ఇద్దరు దిక్కులేనివాళ్ళను ఒకచోట కట్టేస్తే ఒకరికొకరు దిక్కవుతారని ఎవరో పెద్దమనిషి అనే ఉంటాడు. నాయన పోయినాక కూడా ఆమె కూలి చేసి, కరువు పనుల్లో రోడ్డుకు కంకర కొట్టి నన్ను చదివించింది, ఇదంతా నేను చెప్పుకుంటూ ఉంటాను, కాలేజీలో మావాళ్ళ దగ్గర గొప్పగా చెప్పుకుంటాను, మా అత్త లేకపోతే నేను లేను అని. ఆ మాట అన్నప్పుడల్లా వాళ్ళు తలూపుతారు, నాకు కృతజ్ఞత గల మనిషినని పేరు. ఈ పొద్దు వీధిలో నిలబడి ఆ పేరుకు ఏం చేశానో వాళ్ళకెవరికీ తెలియదు.

గవాచి మీద మూకుడు బోర్లించి ఉంది. మిద్దె కప్పుకు వెలుతురు కోసం పెట్టిన కంత అది, లోపలినుంచి కర్రతో మూకుడు పక్కకు జరిపితే ఎండ సన్నటి తీగలాగా నేరుగా నేల మీదికి దిగుతుంది, సీసా ఆ తీగలో పెట్టి చూడాలి. ఇప్పుడే కాదు. ఇంకాసేపు కానీ. మొన్న ఇట్లాగే తీసిన నీళ్ళు ఎంత చక్కగా వచ్చాయి. వెలుతురుకు ఎదురుగా పెట్టి చూస్తే గులాబీ పువ్వు రంగు, వెలుతురు వైపు నుంచి చూస్తే నారింజ రంగులో లోపల ఏదో అంటుకున్నట్టు మెరుపు, అదే దాని గుర్తు, వేరే ఏ ఎర్రనీళ్ళకూ ఆ రెండు ముఖాలుండవు. ఫైకోఎరిత్రిన్ అంటారు దాన్ని. పేరు పెద్దది గాని చేసే పని చిన్నది. సముద్రంలో లోతుకు పోయేకొద్దీ ఎండలోని ఎరుపు నీళ్ళలోనే ఇంకిపోతుంది, ఆకుపచ్చగా ఉండే మొక్కలకు ఆ లోతున చాలినంత తిండి దొరకదు, అట్లాంటి చోట ఎర్రనాచు బతుకుతుంది, ఎవరికీ పనికిరాక మిగిలిన పచ్చటి వెలుతురును ఈ ఎర్రరంగు ప్రొటీన్ పట్టుకుంటుంది, పట్టుకుని తాను ఉంచుకోదు, పక్కనున్న పచ్చరంగుకు అందిస్తుంది, ఆ పచ్చరంగు తిండి వండుకుంటుంది. నాచును నూరి, ఆ అందుకునే పక్కవాళ్ళనుంచి దీన్ని విడదీస్తే ఇవ్వడానికి ఎవరూ లేక పట్టుకున్న వెలుతురును బయటికి విడిచేస్తుంది, ఆ మెరుపు అదే. క్లాసులో ఇది చెప్పేటప్పుడు పిల్లలు నోళ్ళు తెరుచుకుని వింటారు. ఇందాక ఈ చీకట్లో కూర్చుని ఆ పాఠం మనసులో అప్పజెప్పుకుంటుంటే, పట్టుకుని ఇచ్చేది, తాను ఉంచుకోనిది, అచ్చం మా అత్తలాగా అన్న ఆలోచన వచ్చింది. వచ్చీ రాగానే ఒళ్ళు చీదరెత్తింది. ఆమె ఎట్లాంటిదో తెలుసుకోవడానికి నాకు సముద్రపు నాచు కావలసి వచ్చిందా? ఆమెను తిట్టి, ఎండలోకి పంపించి, ఇక్కడ నీడన కూర్చుని ఆమెకు పోలికలు వెతుకుతున్నాను.

బిడ్డ ఏడుస్తోంది. రామలక్ష్మమ్మ జోకొడుతున్న చప్పుడు వినబడుతోంది గాని పాట లేదు. దారిలో దుమ్ము మీద పడి బిడ్డ ఒళ్ళంతా చిరచిరలాడుతూ ఉంటుంది, నీళ్ళు పోస్తే నిద్రపోయేది.

ఈ నీళ్ళ సంగతి మొదట్లోనే అత్త అడిగింది. మా వీధి బావి నీళ్ళు ఉప్పు, పప్పు కూడా ఉడకదు. నాచుకు తియ్యనీళ్ళే కావాలి, ఉప్పులో పుట్టి ఉప్పులో బతికినది తియ్యనీళ్ళు తగిలితే ఉబ్బి పగిలిపోతుంది, పగిలితేనే రంగు బయటికొస్తుంది. కడగడానికి ఒకసారి, నానబెట్టడానికి ఒకసారి, సరిగా రాకపోతే పారబోసి మళ్ళీ. అన్నీ ఆమె చెలమ నుంచి మోసుకొచ్చినవే. "ఇన్ని నీళ్ళు పోసి ఏం జేస్తాండావప్పా, తాగేదానికా?" అంది ఒకరోజు. కాదన్నాను. "మందా?" కాదన్నాను. "మరి?" చూడడానికి అన్నాను. "చూసేదానికి నీళ్ళా?" అని కాసేపు నా మొహంలోకి చూసి, వెక్కిరింపేమీ లేకుండా, ఏదో అర్థమైనట్టు తలూపి, మరుసటి రోజు నుంచి ఇంకో కడవ ఎక్కువ తెచ్చింది. రంగు తీసి పోసి నల్లబట్ట కప్పిన సీసా జోలికి ఎవరూ పోకూడదని నేను చెప్పలేదు. చెప్పాల్సిన పనేముంది, ఇంట్లో ఉన్నది మేమిద్దరమే, ఆమె నా వస్తువులు ముట్టుకోదు. నిన్న ఒకసారి బట్ట తీసి ఆమెకు చూపించాను కూడా. "ఎంత ఎర్రగుండాయో" అని మురిసిపోయింది.

పొద్దున గంగప్ప జట్కా వీధి మలుపు తిరిగింది. బండిలో నా భార్య, ఒళ్ళో మొదటిసారి మా గడప తొక్కబోయే బిడ్డ. బిడ్డను తల్లితో సహా వీధిలోనే నిలబెట్టి, పసుపూ సున్నం కలిపిన ఎర్రనీళ్ళు పళ్ళెంలో పోసి, వాళ్ళ చుట్టూ తిప్పి, వీధిలో పారబోసి, అప్పుడు లోపలికి పిలుచుకోవాలి. ఏ ఇంట్లోనైనా ఇంతే. తీసేది ముత్తైదువ అయి ఉండాలి. అత్త ఎదురింటి నాగరత్నమ్మగారిని పిలవబోతుంటే రామలక్ష్మమ్మ బండి దిగుతూనే, "పెద్దమ్మా, నువ్వుండగా ఇంకొకరెందుకు, నువ్వే తియ్యి" అంది. అత్త ఒక అడుగు వెనక్కి వేసింది. "నేనా? నేనేంది తల్లీ..." అంది. నేను గడపకు ఆనుకుని, చేతులు కట్టుకుని, మహా సంస్కర్తలాగా, "తియ్యి అత్తా, ఇంకా ఆ పట్టింపులెందుకు మనకు" అన్నాను. ఆ మాటన్నది నేనే. ఆమె మొహం ఎట్లా మారిందో చూశాను. ఎప్పుడో చిన్నప్పుడు మూసేసిన తలుపును ఎవరో ఆమె కోసం తెరిచినట్టు, తెరిచినా లోపలికి పోవచ్చో లేదో తెలియనట్టు. గబగబా లోపలికి పోయి, చెయ్యి కడుక్కుని, పళ్ళెంతో వచ్చింది.

ఎండ పళ్ళెంలో పడింది. ఆమె తిప్పుతుంటే నీళ్ళు అంచుల దగ్గర నారింజ రంగులో భగ్గుమన్నాయి. చూసి ముందు నాకు సంతోషమేసింది. అది మరీ సిగ్గుచేటు, ముందు సంతోషమేసింది, ల్యాబులో దీపం పెట్టి చూసినప్పుడు కూడా అంత బాగా మెరవలేదు, ఎంత బాగుందో అనుకున్నాను, ఏమిటి ఇంత బాగుంది అనుకున్నాను, పసుపూ సున్నం ఇట్లా మెరవవే అనుకున్నాను. అనుకునేలోపల ఆమె తిప్పడం అయిపోయి, పళ్ళెం ఎత్తి నీళ్ళు వీధిలోకి చిమ్మింది. వీధి ఎంత దాహం మీద ఉందో, తడి కూడా నిలవలేదు. ఆమె చేసింది ఏమిటి? సున్నం గూట్లో ఎండి రాయైపోయి ఉంది, ఇంట్లో కాసిని నీళ్ళున్నాయి, ఎలాగూ పారబోసేదానికి బిడ్డ నీళ్ళెందుకు పాడు చెయ్యాలి, ఎర్రగా, చక్కగా, చూడడానికే చేసిపెట్టిన నీళ్ళు నా సీసాలో సిద్ధంగా ఉండనే ఉన్నాయి, అవే పళ్ళెంలో పోసుకొచ్చింది. రెండేళ్ళుగా వానల్లేని ఊళ్ళో బుద్ధి ఉన్న ఏ మనిషైనా అదే చేస్తుంది. నేను అప్పుడు అదేమీ ఆలోచించలేదు. ప్రొఫెసరుగారు, రిసెర్చి సీటు, ఆ కరువు దేశంలో కూర్చుని నాచు రంగు తీసి నిలబెట్టు చూస్తాను అని ఆయన అన్న మాట, అవన్నీ ఒక్కసారి నెత్తికెక్కాయి. నోరు తెరిచాను. సీసా గురించి అరవాలి కదా, న్యాయంగా నాచు గురించి అరవాలి. అది కాదు వచ్చింది.

"ముండమోసినదానివి, నా బిడ్డ మీద నీ చెయ్యి తిప్పుతావా?" అన్నాను.

ఎక్కడిదా మాట? నేనెప్పుడూ అనలేదు, అనుకోలేదు, ఎవరన్నా అంటే వాళ్ళతో తగాదా పెట్టుకునేవాణ్ణి. నాకు తెలియకుండా నా లోపల ఎన్నేళ్ళుగా మడిచిపెట్టి ఉందో, చెయ్యి పెట్టగానే ముందు అదే తగిలింది. మనిషికి కోపమొస్తే దగ్గరున్న రాయి తీసుకుని వేస్తాడు, నేను దగ్గరున్నది కాదు, ఎక్కువ దెబ్బ తగిలేది వెతికి వేశాను. గంగప్ప గుర్రం చెవుల వైపు చూస్తూ నిలబడ్డాడు. రామలక్ష్మమ్మ బిడ్డ మొహం కొంగుతో కప్పేసింది, బిడ్డకు అర్థమవుతుందేమోనన్నట్టు. ఎదురింటి అరుగు మీద నాగరత్నమ్మగారు లేచి నిలబడింది, వెనకాల ఆమె భర్త, అంగడి నాగేశ్వరయ్యగారు. నేనప్పుడైనా సరిదిద్దుకోవచ్చు. కాదు, నా సీసా, నా పనంతా పాడయింది, ఆ కోపంలో నోరు జారాను అని చెప్పొచ్చు. చెప్పబోయేలోపల నాగరత్నమ్మగారు, "బాగా చెప్పినావప్పా. ఎంత సదువుకున్నా ఆచారం మర్సిపోలేదు. ఈ కాలంలో యాడుండారు నీలాంటోళ్ళు" అంది. నాగేశ్వరయ్యగారు తలూపాడు. నాచు కంపు ఇంట్లోకి వస్తోందని నెల పొడుగునా నా మీద సణిగిన మనుషులు, మొదటిసారి నా వైపు మర్యాదగా చూశారు. నేను నోరు మూసుకున్నాను. గడ్డి నానబెట్టిన నీళ్ళకోసం సాకినదాన్ని తిట్టాడు అనిపించుకోవడం కన్నా ఆచారం కోసం తిట్టాడు అనిపించుకోవడం పెద్దమనిషి తరహాగా తోచింది. అట్లా ఆలోచించి ఊరుకున్నానని కాదు. ఊరుకున్నాను, ఇప్పుడు ఈ చీకట్లో కూర్చుంటే అట్లా ఉందని తెలుస్తోంది.

మూకుడు జరిపి చూశాను. కొద్దిగా దిగింది. అడుగున పలుచగా, రాగిజావలో నెత్తురు చుక్క పడితే అయ్యేంత. మళ్ళీ మూశాను.

నేను చదువుకోవడానికి ఊరు విడిచి పోయే ప్రతిసారీ ఆమె కనబడేది కాదు. మూట కట్టేది, దారిలో తినడానికి వేరుశనగ ఉండలు గుడ్డలో చుట్టేది, నూనె రాసి తల దువ్వేది, సరిగ్గా కాలు బయట పెట్టే సమయానికి మాయమయ్యేది. చిన్నప్పుడు అది దాగుడుమూతలనుకునేవాణ్ణి. వెనక్కి తిరిగి చూస్తే తలుపు సందులో గాజుల్లేని చెయ్యి ఒకటే కనిపించేది, తలుపు అంచు పట్టుకుని. ఎదురొస్తే నాకు మంచిది కాదని. కదిరి హైస్కూలుకు పోయేటప్పుడు, ఇంటరుకు, మద్రాసుకు, ఎప్పుడూ అంతే, చెయ్యి. అప్పటికి నేను శకునాలు నమ్మేవాణ్ణి కాదు. హాస్టల్లో కూర్చుని మూఢనమ్మకాల మీద వ్యాసం రాసి బహుమతి తెచ్చుకున్నాను. కాని సెలవులకొచ్చి తిరిగి పోయేటప్పుడు ఒక్కసారైనా ఆ తలుపు తోసి, ఆమెను చెయ్యి పట్టి వీధిలోకి లాగి, నీ మొహం చూసే పోతానత్తా అనలేదు. ఎందుకనలేదు? పరీక్షలు కదా, ఎందుకొచ్చిన గొడవ అని. నమ్మకం లేదు గాని, ఏమో. ఆ ఏమో అన్నది లోపల ఒక మూల ఉంది. ఈ పొద్దు నోట్లోంచి వచ్చింది అదేనేమో. నా పెళ్ళప్పుడు తాళి కట్టే వేళకు ఆమె పెరట్లో పొయ్యిల దగ్గర ఉంది, వంటవాళ్ళకు కట్టెలందిస్తూ. మంగళవాద్యం వినబడగానే చేతులు తుడుచుకుని గోడవైపు తిరిగి నిలబడిందని తరవాత రామలక్ష్మమ్మకు ఎవరో చెప్పారట. అందుకే రామలక్ష్మమ్మ ఈ పొద్దు పట్టుబట్టింది. దారి పొడుగునా అదే ఆలోచించుకుని వచ్చి ఉంటుంది. బండి దిగుతూ ఆ మాట అన్న తీరు అట్లాగే ఉంది, ముందే అనుకుని పెట్టుకున్న మాట.

మద్రాసులో చదివేటప్పుడు నాచు ఏరడానికి మండపం అనే సముద్రపొడ్డు ఊరికి పోయి, మొదటిసారి సముద్రంలో దిగినప్పుడు నాకు కోపమొచ్చింది. ఇంత నీళ్ళా. ఇంత నీళ్ళు పెట్టుకుని ఒక్క గుక్క తాగడానికి పనికిరాకపోవడమేమిటి. మిగతావాళ్ళు అలల్లో గంతులేస్తున్నారు, నేను మోకాళ్ళ లోతున నిలబడి మా అత్తను తలుచుకున్నాను, ఆమెకు ఇది చూపించాలనుకున్నాను, రాళ్ళకు పట్టుకున్న ఎర్రనాచును గోళ్ళతో గీరి తీస్తూ, ఒక సీసాలో సముద్రపు నీళ్ళు పట్టి తెచ్చాను కూడా. ఆమె వేలు ముంచి నాలిక్కు రాసుకుని, "మన వీధి బాయి నీళ్ళే గదప్పా ఇవి. వీటికోసం అంత దూరం పోయినావా?" అని నవ్వింది. నేనూ నవ్వాను. ఆ నవ్వు ఎంతసేపటికీ ఆగలేదు. ఇద్దరం అట్లా నవ్వుకుని ఎన్నాళ్ళయిందో, ఇకముందు నవ్వుకుంటామో లేదో. ఆమె ఇంకా రాలేదు. ఇసుక మీద ఎండ అరికాళ్ళు కాలుస్తుంది, ఆమెకు చెప్పులు లేవు, ముసలితనంలో చెప్పులేందప్పా అంటుంది. చెలమ గట్టు మీద కళ్ళు తిరిగి పడితే చూసేవాళ్ళుండరు. పడదు. గట్టి మనిషి. ఆమె గట్టి మనిషి అని ఎన్నేళ్ళ నుంచి అనుకుంటున్నాను, ఆ అనుకోవడం నాకు ఎంత సుఖంగా ఉందో.

రంగు దిగింది.

గుడ్డలో వడగట్టి, సీసాలో పోసి, మూకుడు పూర్తిగా జరిపి తీగలో పెట్టాను. ఉంది. ఇటునుంచి గులాబీ, అటునుంచి నారింజ. పొద్దుటంత చిక్కగా లేదు గాని చాలు, ప్రొఫెసరుగారు చూస్తే ఒప్పుకుంటారు, ఇంత కరువులో, ఇంత ఎండలో, చెడకుండా తీశావే అంటారు. గుండె ఎగిరింది. ఆపుకోలేకపోయాను, ఎగిరింది, చిన్నపిల్లవాడిలాగా సీసాను అటూ ఇటూ తిప్పి చూసుకున్నాను. బయట బిడ్డ ఏడ్చి ఏడ్చి గొంతు బొంగురుపోయింది. ఆ ఏడుపు మధ్యలోంచి పిలుపు వినబడింది.

"నారాయణా! ఉండావా ఇంట్లో?"

సీసా నల్లబట్టలో చుట్టి పెట్టి తలుపు తీశాను. వెలుతురుకు కళ్ళు మూతలుపడ్డాయి. అత్త మెట్లకింద వీధిలో నిలబడి ఉంది, నెత్తిన కడవ. నీళ్ళు తొణకకుండా కడవలో వేపమండ వేసింది. మొహం ఎండకు కమిలి నల్లబడింది. రామలక్ష్మమ్మ నా వెనకే బిడ్డతో గడపలోకి వచ్చింది.

"లోపలికి రా అత్తా."

"రాను లేప్పా. ముందు ఇది దించుకో."

దించుకుని తెచ్చి గడపలో పెట్టాను. నిండుగా ఉంది. అన్ని నీళ్ళు తోడడానికి ఎంతసేపు ఆ గుంత పక్కన వంగి కూర్చుందో. "ఈ ఎండలో ఎందుకు పోయినావు?" అన్నాను. అనడానికి వేరే మాట దొరకలేదు.

"ఎందుకేంది? బిడ్డకు మళ్ళా తీయించల్ల గదా. నా చెయ్యి తగిలినాది. నాగరత్నమ్మను పిల్చకరా, ఆయమ్మ చెయ్యి మంచిది. సున్నం గూట్లో ఉండాది, గట్టిపడినాది, ఈ నీళ్ళు పోసి మెదిపితే అయితాది. నేను ఈ గోడపక్కన కూచ్చుంటా, తీసినాక లోపలికొస్తాలే."

అప్పుడు అర్థమైంది. ఆమె నా మీద అలిగి పోలేదు. నా మాట నమ్మి పోయింది. చదువుకున్నవాడు, శకునాలు లేవన్నవాడు, తియ్యి అత్తా అన్నవాడే తిట్టాడంటే అందులో ఏదో నిజముండే ఉంటుందని, తన చెయ్యి బిడ్డకు ఏం చేస్తుందోనని, దాన్ని కడిగేయడానికి నీళ్ళకోసం పోయింది.  మెట్లు దిగి ఆమె ముందు నిలబడ్డాను.

"అత్తా, నేనన్నది దానిగ్గాదు. ఆ సీసాలో నీళ్ళు నా నాచు నీళ్ళు. ప్రొఫెసరుకు చూపించల్ల అని తీసిపెట్టుకున్నా. పారబోసినావని కోపమొచ్చి నోటికొచ్చింది అంటిని. నీ చేతికీ బిడ్డకూ ఏమీ లేదు. అదంతా వట్టిది."

ఆమె నా మొహం వైపు చూసింది. తరవాత నవ్వింది.

"ఊరుకోప్పా. నా మనసు నొచ్చిందని ఇప్పుడు కతలు జెప్తాండావు."

"కత గాదత్తా, నిజం."

"గడ్డి నీళ్ళకా? గడ్డి నానేసిన నీళ్ళకు నువ్వు నన్ను ఆ మాటంటావా? నిన్ను ఈ చేతుల్తో సాకినా, నీ సంగతి నాకు తెలీదా? బిడ్డ మీద బయంతో అన్నావు. తండ్రివి, బయముంటాది. వంకకు పోయేటప్పుడు అదే అనుకుంటా పోయినా, వచ్చేటప్పుడు అదే అనుకుంటా వచ్చినా. బిడ్డకోసం గదా అన్నాడు, పోనీలే అని." కొంగుతో మొహం తుడుచుకుంది.  ఇప్పుడు నవ్వు లేదు. "గడ్డి నీళ్ళకే అనింటే నేనింక ఈడ ఎట్లుండేదప్పా?"

నేను వెనక్కి తిరిగి చూశాను. రామలక్ష్మమ్మ నన్నే చూస్తోంది. నీళ్ళు తెచ్చి నా ముందు పెట్టినది ఆమె, ఏది దేనికో ఆమెకంతా తెలుసు. ఏమన్నా అంటుందేమోనని చూశాను. ఆమె బిడ్డను ఇంకో భుజానికి మార్చుకుని, నేనేం చెబుతానో వినడానికి అక్కడే నిలబడింది.

"అవునత్తా," అన్నాను. "బిడ్డకోసమే అంటిని."

"చూస్తివా!" అంది అత్త. ఆమె మొహం తేటపడింది. పొద్దున పళ్ళెం పట్టుకుని వచ్చినప్పటిలాగా కాదు గాని, తేటపడింది. గోడ నీడలో చతికిలబడి, కాళ్ళు చాపుకుని, "పో, పిల్చకరా పో, బిడ్డకు ఎండ తగుల్తాది" అంది.

వీధి దాటి ఎదురింటి తలుపు తట్టాను. నాగరత్నమ్మగారు అప్పుడే భోంచేసి లేచినట్టుంది, చెయ్యి తుడుచుకుంటూ వచ్చింది. నన్ను చూసి, మా అరుగు కింద కూర్చున్న అత్తను చూసి, గొంతు తగ్గించి, "ఏమప్పా, ఆయమ్మ తీసినదానికి దోసం పోయేటట్టు మళ్ళా తీయల్లనా?" అంది.

"అవునమ్మా," అన్నాను. రెండోసారి చెప్పడం అంత కష్టమనిపించలేదు.